తాయి కార్డు మీద అక్షరాలు

మా ఊరు హచ్చొళ్ళి. బళ్ళారి జిల్లా, సిరుగుప్ప తాలూకా. ఆంధ్ర పొలిమేరకు దగ్గర. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడం, ఆస్పత్రి చీటీ మీద ఉండేది ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు కూడా సగం ఇంగ్లీషు కాదని నాకు తెలిసింది పోయిన సంవత్సరమే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. మా సిరుగుప్ప మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. గీత పడింది గానీ పెళ్ళి సంబంధాలు ఆగలేదు. మా వదినది కౌతాళం దగ్గరి పల్లె. మా అవ్వది ఆదోని పక్క ఊరు. కాబట్టి మా ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా, ఎవరికి కాన్పు వచ్చినా కాగితాలు రెండు రాష్ట్రాలు తిరుగుతాయి. పోయిన సంవత్సరం అలా తిరిగినవి రెండు. ఒకటి అవ్వ షుగరు చీటీ, ఇంకొకటి వదిన తాయి కార్డు. కర్ణాటకలో గర్భిణీలకు ఇచ్చే కార్డును తాయి కార్డు అంటారు. కన్నడంలో తాయి అంటే తల్లి. ఈ రెండు కాగితాల గురించే రాద్దామనుకున్నాను. మన కాలేజీలో చాలామంది ఇళ్ళల్లో ఆస్పత్రి చీటీ చదివే పని మనమీదే పడుతుంది. "కాలేజీకి పోతావు కదా, ఇదేందో చదువు" అంటారు. చదివితే మందు పేరు కూడా సరిగా కనపడదు, పక్కన రెండు మూడు పొడి అక్షరాలు తప్ప.

ముందు అవ్వ సంగతి చెప్తాను, అది తొందరగా అయిపోతుంది.

అవ్వ చీటీలో మెట్‌ఫార్మిన్ 500 అని రాసి పక్కన బీడీ, దాని పక్కన పీసీ అని ఉంది. నేను పైకి చదివాను. అవ్వ విని, "మీ తాతను బీడీ మానమని యాభై ఏండ్లు పోరినాను. ఇప్పుడు ఆ డాక్టరు నన్ను తాగమంటాడా?" అన్నది. పీసీ అంటే పోలీసు కానిస్టేబులని నాయన అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మాత్రం ఎవరికీ తెలియలేదు. మందులంగడి అబ్బాయి మాత్రల అట్ట మీద పెన్నుతో రెండు గీతలు గీసి ఇచ్చాడు. అవ్వ ఆ గీతలనే నమ్ముకుంది.

మా హాస్టల్లో నా రూమ్మేట్ వాళ్ళ అక్క నర్సింగు చదువుతోంది. ఆ అక్క సెలవులకు వచ్చినప్పుడు అడిగితే చెప్పింది, ఇవి లాటిన్ మాటల తొలి అక్షరాలని. బీడీ అంటే బిస్ డైయీ, రోజుకు రెండుసార్లు. టీడీఎస్ అంటే రోజుకు మూడుసార్లు తీసుకోవలసింది అని. పీసీ అంటే పోస్ట్ సిబుమ్, తిన్న తర్వాత. ఏసీ అంటే ఆంటె సిబుమ్, తినక ముందు. హెచ్‌ఎస్ అంటే హోరా సోమ్ని, నిద్రపోయే వేళ. ఎస్‌ఓఎస్ అంటే సి ఓపుస్ సిట్, అవసరమైతేనే. స్టాట్ అంటే వెంటనే. చీటీ మొదట్లో ఆర్ అక్షరం తోకకు అడ్డగీత పెట్టి ఒక గుర్తు వేస్తారు చూడండి, అది రెసిపె అనే మాట. తీసుకో, అని ఆజ్ఞ. వంటల పుస్తకంలో రెసిపీ అనే మాట కూడా దాని చుట్టమే. ఒకప్పుడు యూరప్‌లో వైద్యం చదవాలంటే లాటిన్ రావాలి. ఇప్పుడు ఆ భాషను ఇంట్లో మాట్లాడేవాళ్ళే లేరు, దాని ముక్కలు మాత్రం హచ్చొళ్ళిలో అవ్వ కొంగు ముడిలో ఉన్నాయి.

నాకు ఇందులో ఆశ్చర్యమేమంటే, వీటిలో చాలావాటికి మన ఇళ్ళల్లో మాటలు ముందునుంచే ఉన్నాయి. "పూట" అనే మాట చూడండి. రెండు పూటలా వేసుకో అంటే బీడీ. మూడు పూటలా అంటే టీడీఎస్. పరగడుపున అంటే ఏసీ కంటే గట్టి మాట, పొద్దున లేచి ఏమీ తినకముందు అని. అవ్వకు పరగడుపున అని చెప్తే ఇంకేమీ చెప్పనక్కర్లేదు. రక్త పరీక్ష కాగితంలో ఎఫ్‌బీఎస్ అనేది ఆ పరగడుపు చక్కెర, పీపీబీఎస్ అనేది తిన్న రెండు గంటలకు చూసే చక్కెర. హెచ్‌బీఏ1సీ అని మూడోది ఉంటుంది, అది సుమారు మూడు నెలల లెక్క ఒకేసారి చెప్పేస్తుంది. ముందురోజు ఒక్కపొద్దు ఉండి ఆస్పత్రికి పోయినా ఆ అంకె మాత్రం మారదు. అవ్వకు ఇది తెలిసినాక కొంచెం కోపం వచ్చింది.

నవ్వుకునే సంగతులు కాకుండా భయపడే సంగతులు కూడా ఉన్నాయి. ఓడీ అంటే మన దగ్గర రోజుకొకసారి. అవే అక్షరాలు కంటి డాక్టరు కాగితం మీద కుడి కన్ను. ఎస్‌ఓఎస్ మాత్ర నొప్పి ఉంటేనే వేసుకోవలసింది. అది తెలియక రోజూ మూడు పూటలా నొప్పి మాత్ర మింగే ముసలివాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఇన్సులిన్‌కు యూనిట్ అని పూర్తిగా రాయకుండా యూ అనే ఇంగ్లీషు అక్షరం ఒక్కటే రాస్తే అది సున్నాలా కనపడుతుంది. 10 పక్కన ఆ అక్షరం రాస్తే 100 అయిపోతుంది. ఇలాంటి ప్రమాదాలు చూసే అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో, చీటీల మీద వాడకూడని పొడి అక్షరాలంటూ ఒక పట్టిక పెట్టింది. యూ అందులో ఉంది. మన దేశంలో ఇంకో చిక్కు కూడా ఉంది: ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి రెండు రకాలు దొరుకుతాయి, దేనికి దాని సిరంజి వేరు. అంకె చదవడం వస్తే చాలదు, సీసా మీదిదీ సిరంజి మీదిదీ ఒకటేనా అని చూడాలి.

మన దగ్గర నియమాలు లేక కాదు. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలతో రాయాలని భారత వైద్య మండలి 2016లోనే నిబంధన సవరించింది. 2024 జనవరిలో ఒరిస్సా హైకోర్టు, 2025 ఆగస్టులో పంజాబ్-హర్యానా హైకోర్టు ఇదే మాట గట్టిగా అన్నాయి. చదవగలిగే చీటీ రోగి జీవించే హక్కులో భాగమని రెండో కోర్టు చెప్పింది. కన్నడంలోనే చీటీలు రాయాలని 2024లో కన్నడ అభివృద్ధి ప్రాధికారం ప్రభుత్వాన్ని అడిగింది. అది పేపర్లో చూసి నాకు సంతోషమే కలిగింది గానీ మా అవ్వకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆమెకు కన్నడం మాట్లాడటం వస్తుంది, చదవడం రాదు. తెలుగు చదవడమూ రాదు. ఆమెకు పనికొచ్చేది 1-0-1 అని రాసే పద్ధతి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, మాపటికి ఒకటి. అంకెలు డబ్బు లెక్కతోనే వచ్చేశాయి కాబట్టి అవ్వ ఆ మూడు గళ్ళూ తనే చూసుకుంటుంది. నన్నడిగితే లాటిన్ పోయి కన్నడమో తెలుగో రావడం కంటే ఆ మూడు గళ్ళు అన్ని చీటీల మీదికీ రావడం మేలు. దాంతోపాటు నోటితో ఒకసారి చెప్పాలి. అంతే.

ఇక వదిన తాయి కార్డు.

వదిన రెండోసారి నెల తప్పింది. ఆశా అక్క వచ్చి పేరు రాసుకుని కార్డు ఇప్పించింది. (ఆశా అనేది ఆమె పేరని మా అవ్వ చాలా రోజులు అనుకుంది. కాదు, అదీ పొడి అక్షరాలే. ఆ పనికి పెట్టిన పొడవాటి ఇంగ్లీషు పేరులో తొలి అక్షరాలు కలిస్తే ఆశ అయింది. ఇలా ముద్దుగా కుదిరేవి తక్కువ.) కార్డు ముద్రణ అంతా కన్నడం. పెన్నుతో నింపినదంతా ఇంగ్లీషు అక్షరాలు.

మొదటి గడి ఎల్‌ఎంపీ. అంటే చివరిసారి బయట చేరిన మొదటి రోజు. నర్సమ్మ తేదీ అడిగితే వదినకు తేదీ గుర్తులేదు. కానీ "మహాలయ అమావాస్య అయిన మూడోనాడు" అన్నది. నర్సమ్మ గోడ మీద క్యాలెండరు చూసి తేదీ వేసుకుంది. దానికి తొమ్మిది నెలలు, ఇంకో ఏడు రోజులు కలిపితే ఈడీడీ, కాన్పు రావచ్చని అనుకునే రోజు. మొత్తం 280 రోజులు. అవ్వ తన లెక్క తను వేసింది, తొమ్మిది నెలల తొమ్మిది రోజులని. ఇద్దరి లెక్కకూ పెద్ద తేడా రాలేదు. అవ్వ ఆ రోజంతా గర్వంగా ఉంది.

తర్వాత హెచ్‌బీ 8.6 అని ఉంది. అవ్వ, "పదికి ఎనిమిదిన్నర అంటే బాగానే ఉంది కదా" అన్నది. బడి మార్కుల లెక్కలాగా. మా ఊళ్ళో "ఎనిమిది పాయింట్ల రక్తం" అంటారు గానీ ఎన్నింటికి ఎనిమిది అని ఎవరూ అడగరు. నూరు మిల్లీలీటర్ల రక్తంలో హీమోగ్లోబిన్ ఎన్ని గ్రాములుందో ఆ అంకె చెప్తుంది. గర్భిణికి 11 ఉండాలి. అంతకు తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రమాదం. మనలాంటి పెళ్ళికాని ఆడపిల్లలకైతే 12. ఈ అంకె మీది ఎంతో మీకు తెలుసా? బడిలో వారానికొకటి నీలం మాత్ర ఇచ్చేవాళ్ళు, మనలో సగం మంది కిటికీ బయట పారేసేవాళ్ళు, అది ఇందుకే. వదినకు ఇచ్చింది ఎర్ర మాత్ర, ఐఎఫ్ఏ అని రాస్తారు, ఇనుమూ ఫోలిక్ యాసిడూ. దానితో పాటు క్యాల్షియం మాత్ర. రెండూ ఒకేసారి వేసుకోకూడదు, ఒకటి ఇంకొకదాన్ని ఒంటబట్టనివ్వదు. టీ తాగి ఇనుము మాత్ర వేసుకుంటే సగం వృథా. నిమ్మరసంతో అయితే మంచిది. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు. ఇవేవీ కార్డు మీద లేవు, నర్సమ్మ నోటితో చెప్పినవి. అందుకే నోటితో చెప్పడం అని ఇందాక అన్నాను.

ఆ తర్వాత వరసగా పరీక్షలు. హెచ్‌ఐవీ దగ్గర ఎన్ఆర్ అని రాసి ఉంది. నాన్ రియాక్టివ్, అంటే లేదు అని. హెచ్‌బీఎస్ఏజీ దగ్గర నెగెటివ్. నెగెటివ్ అనగానే వదిన ముఖం మాడిపోయింది, ఏదో చెడ్డదని. ఆస్పత్రి భాషలో చాలాచోట్ల నెగెటివ్ అంటేనే మంచి మాట. అయితే అదే కార్డులో రక్తం గ్రూపు దగ్గర కూడా నెగెటివ్ రావచ్చు. అక్కడ మంచీ చెడూ కాదు, ఒక జాగ్రత్త. తల్లిది ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే, తర్వాతి కాన్పుకు ఇబ్బంది రాకుండా కాన్పయిన 72 గంటల లోపల యాంటీ-డి సూది వేయాలి. వదినది పాజిటివే. కానీ ఒకే కార్డు మీద ఒకే మాటకు ఇన్ని అర్థాలుంటే చదువుకోనివాళ్ళ సంగతి పక్కన పెట్టండి, చదువుకున్నవాళ్ళే తడబడతారు.

ఇంత రాసింది ఇప్పుడు చెప్పబోయేదానికి. కార్డు పై భాగాన, పేరు కింద, పెన్నుతో ఇలా ఉంది: జీ2 పీ0 ఎల్0 ఏ1.

వదిన ఐదో నెలలో ఉండగా మా మేనత్త చూడటానికి వచ్చింది. ఆమె కొడుకు తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఊరికే కార్డు తిప్పుతూ, ఫోనులో ఈ అక్షరాలు కొట్టి చూశాడు. జీ అంటే గ్రావిడా, ఎన్నిసార్లు గర్భం వచ్చిందో. పీ అంటే ఎన్ని కాన్పులు అయ్యాయో. ఎల్ అంటే బతికి ఉన్న పిల్లలు. ఏ అంటే అబార్షన్. పిల్లోడు గట్టిగా చదివాడు, తనకు తెలిసిందనే సంతోషంతో.

అత్త పళ్ళెం కింద పెట్టి, "అబార్షనా? ఎప్పుడు చేపిచ్చుకున్నాది?" అన్నది.

వదినకు మొదటిసారి గర్భం మూడో నెలలో నిలవలేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అప్పుడు ఉగాదికి పుట్టింటికి పోయింది, అక్కడే అయింది. అన్న పోయి తీసుకొచ్చాడు. అత్తకూ తెలుసు, అప్పుడు ఫోను చేసి "పోనీలే తల్లీ, మళ్ళీ వస్తుంది" అని ఆమే అన్నది. అదే సంగతి. కొత్తగా ఏమీ జరగలేదు. కానీ తెలుగులో ఓదార్చిన మనిషే ఇంగ్లీషు మాట వినగానే నిలదీసింది. "అంటే పోయిందని చెప్పింది అబద్ధమా? పుట్టింట్లో తీపిచ్చుకుని వచ్చినాదా? సర్కారు కార్డులోనే రాసినారు కదా" అన్నది. అమ్మ ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనకపోవడమే వదినకు ఎక్కువ బాధ అయిందని నాకు తర్వాత తెలిసింది. వదిన లేచి వెనక వాకిట్లోకి పోయింది. ఆ రాత్రి అన్నం తినలేదు. అన్న బళ్ళారి నుంచి వచ్చేసరికి అత్త మాట ఆయన చెవిన కూడా పడింది. అన్న ఎదురు ప్రశ్న వేయలేదు గానీ, "కార్డులో ఎందుకట్ల రాసినారు మరి?" అన్నాడు. ఆ "మరి" అనే మాటను వదిన మూడు రోజులు మోసింది.

నేను అప్పుడు సెలవులకు ఇంట్లోనే ఉన్నాను. మర్నాడు కార్డు తీసుకుని వదినను వెంటబెట్టుకుని నర్సమ్మ దగ్గరికి పోయాను. నర్సమ్మ కన్నడమామె. నేను అడిగింది విని మొదట ఆమెకు అర్థం కాలేదు, ఇందులో అడగడానికేముందని. తర్వాత వదిన కళ్ళు చూసి కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. "తానాగే హోద్రూ ఏ అంతానే బరీతీవమ్మా" అన్నది. తనంతట తాను పోయినా ఏ అనే రాస్తామమ్మా, అని. డాక్టర్ల భాషలో అబార్షన్ అంటే బిడ్డ బయట బతికే నెలలు రాకముందే గర్భం ముగిసిపోవడం. ఎవరు ముగించారు, ఎందుకు ముగిసింది అన్నది ఆ మాటలో లేదు. తీయించుకున్నదైతే దానికి వేరే పేరుంది, ఎంటీపీ అంటారు, 1971 చట్టం ప్రకారం డాక్టరు చేసేది. వదిన కార్డులో ఎక్కడా ఆ మూడు అక్షరాలు లేవు. తెలిసిన గర్భాల్లో నూటికి పది పదిహేను ఇలా వాటంతట అవే పోతాయని, బరువెత్తినందుకో బస్సెక్కినందుకో కాదని, చాలాసార్లు పిండంలోనే లోపం ఉండి నిలవదని కూడా చెప్పింది. వదిన చివరి మాట రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. ఉగాదికి బస్సులో పోయినందుకే పోయిందని ఇన్నాళ్ళూ ఆమె లోపల అనుకుంటూ ఉన్నదట. మాకెవరికీ చెప్పలేదు.

ఇంకొక మాట కూడా ఇక్కడే రాయాలి. ఒకవేళ ఎంటీపీ అని ఉన్నా, చట్టం ప్రకారం చేయించుకున్నది నేరం కాదు. అత్త పళ్ళెం కింద పెట్టి విచారణ చేయాల్సిన సంగతి అసలే కాదు. వదిన మీద నింద పోయింది కాబట్టి సరిపోయిందని నేననుకోను.

మన వ్యాకరణం క్లాసులో ప్రేరణార్థకం చెప్పినప్పుడు నాకు ఈ సంగతే గుర్తొచ్చింది. "పోయింది" అంటే దానంతట అది. "తీసింది" అంటే తనే. "ఇంచు" చేరి "తీయించింది" అంటే ఇంకొకరి చేత. దానికి "కొను" కూడా కలిసి "తీయించుకుంది" అంటే ఇంకొకరి చేత, తన కోసం. చదువు రాని మా అవ్వ కూడా ఈ తేడాలు ఒక్కసారి కూడా తప్పకుండా మాట్లాడుతుంది. "కడుపు పోయింది" అనే చోట "తీపిచ్చుకుంది" అని పొరపాటున కూడా అనదు. పుస్తకాల తెలుగులో "గర్భస్రావం" అంటే రెండూ కలిసిపోతాయి. ఇంగ్లీషు మాటలోనూ రెండూ కలిసే ఉన్నాయి, డాక్టర్లకు. బయట జనం నోట్లో మాత్రం అబార్షన్ అంటే తీయించుకోవడమే. డాక్టరు ఒక అర్థంతో రాసిన అక్షరాన్ని మా ఇంట్లో ఇంకో అర్థంతో చదివారు. మధ్యలో ఫోను ఉంది, అది మాటకు మాట పెట్టింది, క్రియను పెట్టలేదు.

నర్సమ్మ రెండు రోజుల తర్వాత మా వీధికి వచ్చినప్పుడు మా ఇంటికీ వచ్చింది. అత్త ఇంకా ఊళ్ళోనే ఉంది. నర్సమ్మ ఎవరినీ ఏమీ అనకుండా, కార్డు తెరిచి ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టి అమ్మకూ అత్తకూ చెప్పింది. జీ2, ఇది రెండో గర్భం. ఏ1, ముందుది తానుగా పోయింది, అందుకే ఈసారి ఈమెను మేము ఎక్కువ చూసుకోవాలి, మీరూ చూసుకోవాలి. ఇది తప్పు రాసిన గుర్తు కాదు, జాగ్రత్త గుర్తు. అత్త, "నాకేం తెలుసమ్మా, పిల్లోడు చదివినాడు" అన్నది. అమ్మ ఆ పూట వదినకు తనే అన్నం కలిపి పెట్టింది. క్షమించమని మా ఇళ్ళల్లో ఎవరూ అడగరు, ఇలాగే చేస్తారు.

ఏడో నెలలో స్కానింగు కాగితం మీద గుండె కొట్టుకునే అంకె 148 అని వచ్చింది. 140 దాటితే ఆడపిల్ల అని మా ఊళ్ళో ఒక లెక్క ఉంది. ఆ లెక్క ఉత్తిది, కడుపులో ఎవరున్నా ఆ అంకె 110కీ 160కీ మధ్య ఉంటుంది. ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం కాబట్టి, కాగితం మీద దొరకనిదాన్ని జనం అంకెల్లో వెతుక్కుంటారు. అవ్వ కూడా వెతికింది. నేనేమీ అనలేదు.

తొమ్మిదో నెలలో వదిన కాన్పుకు పుట్టింటికి పోయింది. అప్పుడు ఇంకొకటి చూశాను. అక్కడి ఆస్పత్రిలో నర్సుకు కన్నడం చదవడం రాదు. తాయి కార్డు ముద్రణంతా ఆమెకు గోడ మీద సున్నం లాంటిది. కానీ పెన్నుతో నింపిన అక్షరాలన్నీ ఆమె నిమిషంలో చదివేసింది. ఎల్‌ఎంపీ, ఈడీడీ, హెచ్‌బీ, బీపీ, జీ2 ఏ1. "ముందు ఒకటి పోయిందా అమ్మా?" అని తెలుగులో అడిగింది. పోయిందా అనే అడిగింది. మమ్మల్ని అంత ఏడిపించిన అక్షరాలే అక్కడ వదిన తరఫున మాట్లాడాయి. హెచ్‌బీ అప్పటికి 10.4. 8.6 నుంచి ఎక్కిందని ఆ నర్సు మెచ్చుకుంది. ఈ పొడి అక్షరాలను తిట్టుకుంటూ మొదలుపెట్టిన నేను, అక్కడ బెంచీ మీద కూర్చుని, 1953లో గీసిన గీతకు ఇవి పడలేదే అనుకున్నాను. కాగితం మీద కన్నడం ఒక్కటే ఉన్నా, తెలుగు ఒక్కటే ఉన్నా వదిన మళ్ళీ మొదటినుంచి అన్నీ చెప్పుకోవాల్సి వచ్చేది, నొప్పులతో.

ఆడపిల్ల పుట్టింది. 2.7 కిలోలు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఎఫ్‌టీఎన్‌డీ అని ఉంది, నెలలు నిండి మామూలు కాన్పు అని. పైన వరస మారింది. పీ1 ఎల్1 ఏ1. అత్త బిడ్డను చూడటానికి కౌతాళం దాకా వచ్చింది, చిన్న గౌను తెచ్చింది. ఆ కాగితం మంచం మీదే ఉంది. ఆమె దాన్ని తీసి, చదవకుండానే మడిచి వదిన దిండు కింద పెట్టింది.

ఇప్పుడు బిడ్డ కార్డు వేరే వచ్చింది, తెలుగు ముద్రణతో. పుట్టినరోజే బీసీజీ, హెపటైటిస్-బి, నోట్లో ఓపీవీ చుక్కలు వేశారు. ఆరో వారానికి వదిన హచ్చొళ్ళికి వచ్చేస్తుంది, ఆ సూదులు మా నర్సమ్మే వేయాలి. నిన్న రాత్రి వదిన ఆ పేజీ ఫోటో తీసి పంపింది. పెంటా-1, ఆర్‌వీవీ-1, ఎఫ్‌ఐపీవీ-1, పీసీవీ-1. కింద ఒక మాట రాసింది: "ఇవేందో నేనే నర్సమ్మను అడిగి తెలుసుకుని నీకు చెప్తా, నువ్వు ఫోనులో చూడొద్దు."